తాడు దాటిన మనిషి

అత్తగారిని పక్కకి ఒత్తిగిల్లించి, వీపు తుడిచి పౌడరు జల్లుతోంది అప్పయమ్మ. ఒక చేత్తో ముసలమ్మ భుజం పట్టుకుంది. రెండో చేతిలో పౌడరు డబ్బా. కాలితోనేమో తడిగుడ్డల బకెట్టుని మంచం కిందనించి బయటికి లాగుతోంది. చేతులు రెండూ పనిలో ఉన్నప్పుడు కాలైనా కాస్త ఊరుకోవచ్చు కదా! ఊరుకోదు. స్టవ్వు మీద చోడంబలి కుతకుతలాడుతోంది, పెరట్లో కుళాయికి నీళ్ళొచ్చేశాయి, మొదటి షిఫ్టు వాళ్ళ స్కూటర్లు వీధిలో అప్పుడే బర్రుమంటున్నాయి. అప్పయమ్మ చెవి ఒకటి వంటింట్లో, ఒకటి పెరట్లో ఉంది.

"నానేటి గోనె మూటనేటే, అలగ దొర్లించీస్తన్నావు?" అంది పైడమ్మ గోడకేసి చూస్తూనే.

పైడమ్మ ఎనభై దాటి చాలాకాలమైంది. నిరుడు బాత్‌రూములో పడి తుంటి విరిగింది. అప్పట్నించీ మంచమే. కాళ్ళు పోయాయి, చూపు సగం పోయింది, పళ్ళెప్పుడో పోయాయి. ఒంట్లో అన్నీ రిటైరైపోయినా నోరు మాత్రం ఒక్కరోజు డ్యూటీ మానలేదు.

"టయిమైపోతంది అత్తా. కాస్త ఇటు తిరుగు."

"నీకు టయిమెప్పుడు అవ్వలేదు గనక? కాలు నిలవదు గదా నీకు. ఆ కాలే గదా మన కొంప ముంచింది."

అదుగో, అనేసింది. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు ఆ మాట అంటేగానీ ముసలమ్మకి తెల్లవారదు. ముప్పై ఏళ్ళ పైమాట. ఒక్కోసారి గట్టిగా అంటుంది, ఒక్కోసారి తనలో తాను గొణుక్కుంటుంది, పండగపూట వచ్చినవాళ్ళ ముందు కూడా అంటుంది. ఇన్నేళ్ళు విన్నాక రాయైపోవాలి మనిషి. అప్పయమ్మ రాయి కాలేదు. ఇవాళా ఒళ్ళు మండింది. అయినా మాట్లాడకుండా చీర సర్ది, తలకింద దిండు ఎత్తు చేసి, అంబలి పల్చగా కలిపి చెంచాతో పట్టింది. నాలుగు చెంచాలు తాగేసరికి ముసలమ్మకి ఆయాసం వచ్చింది.

ఈ ఆయాసం కొత్తది. మొన్న చూపిస్తే డాక్టరు గుండె అలిసిపోయిందన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టండి అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో ఆస్పత్రిలో పనిచేసే మనిషికి ఒకరు చెప్పాలా? అప్పట్నించీ అప్పయమ్మకి ఒకటే భయం. అత్తగారు పోతుందని కాదు. పెద్దప్రాణం, పోతుంది, ఎవరైనా పోవలసిందే. ఆ మాట వెనక్కి తీసుకోకుండా పోతుందేమోనని. పోయేలోపు ఒక్కసారి, ఆ నోటితోనే, నీ తప్పు కాదే అనాలి. అంతకుమించి ఆవిడ దగ్గర అప్పయమ్మకి కావలసిందేమీ లేదు. కానీ ఎలా అంటుంది? తప్పు కాదని అప్పయమ్మకే గట్టి నమ్మకం లేదాయె.

పక్క క్వార్టరు బేబీకి తాళంచెవి ఇచ్చి, మధ్యాహ్నం ఓసారి చూడమని చెప్పింది. పేరుకి బేబీ గానీ ఆవిడకీ మనవలున్నారు.

"నువ్వెల్లు వదినా, నాను సూస్తాను గదా," అంది బేబీ పళ్ళు తోముకుంటూ.

అప్పయమ్మ అప్పటికే వీధి మలుపు తిరిగింది.

ఆటో కోసం నిలబడడం ఆవిడ వల్ల కాదు. నిలబడ్డ చోట ఆలోచనలు వస్తాయి, అందుకని నడిచేస్తుంది. సెక్టర్ 6 నుంచి తను పనిచేసే నర్సింగ్ హోమ్‌ దాకా చెట్ల కింద రోడ్డు. కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో ఈ రోడ్డంతా సైకిళ్ళే. మొగుడు గోపాలం కూడా ఆ సైకిళ్ళ మీద ఒకడు. విజయనగరం దగ్గర పల్లె నుంచి ఈ హిందీ ఊరికి తీసుకొచ్చిన పెళ్ళాన్ని వెనకాల కూర్చోబెట్టుకుని, అదుగో మా స్టీలు ప్లాంటు అని దూరం నుంచే పొగగొట్టాలు చూపించాడు. దూరం నుంచి చూసి ఊరుకునే పిల్లా ఆవిడ? లోపలికి ఎప్పుడు తీసుకెళ్తావని రోజూ పోరుపెట్టింది. విశ్వకర్మ పూజనాడు ఇంటివాళ్ళని రానిస్తారు, ఆగు అన్నాడు. ఆగింది. ఆ రోజు వచ్చేసరికి ఏడో నెల.

షాపంతా పూలదండలు, అరటి పిలకలు, ప్రసాదం. రైలు పట్టాలు చేసే మిల్లు అది. చూడవచ్చిన వాళ్ళు ముందుకి పోకుండా ఒక కొబ్బరితాడు కట్టారు. తాడుకి అవతల, దూరంగా, ఎర్రగా కాలిన పట్టా ఒకటి రోలర్ల మీద సర్రున జారుకుంటూ వచ్చింది. అంత పొడుగు నిప్పుని పుట్టి ఎరగదు అప్పయమ్మ. ఇంకాస్త ముందుకెళ్ళి చూడాలనిపించింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఒక్క అడుగులో తాడు దాటేసింది. దాటి, నోరు తెరుచుకుని నిలబడిపోయింది. గార్డు కేకేశాడు, గోపాలం పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. వెనక నిలబడ్డ తెలుగు ఆడవాళ్ళలో ఎవరో నోరు నొక్కుకున్నారు. కడుపుతో ఉన్న మనిషి తాడు దాటిందేటమ్మా అన్నారు. కడుపులో బిడ్డ బొడ్డుతాడుకి ఏమవుతుందో అన్నారు. వాళ్ళ పక్కనే ఉన్న పైడమ్మ మొహం పాలిపోయింది.

దీపావళి వెళ్ళిన తరువాత, ఒక పొద్దుటిపూట, నొప్పులు పెద్దగా లేకుండానే నీళ్ళు పోయాయి. నీళ్ళతో పాటు నెత్తురు. ఎర్రటి నెత్తురు, ధారగా. గోపాలం షిఫ్టులో ఉన్నాడు. పైడమ్మ కూలీల క్యాంపు నుంచి మంత్రసానిని పిలిపించేలోపు అంతా అయిపోయింది. ఆడపిల్ల. చక్కటి ముక్కు, తల నిండా జుట్టు. ఒళ్ళు మాత్రం సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ఏడవలేదు. ఆ తెలుపు అప్పయమ్మ కళ్ళలోనించి ఈనాటికీ పోలేదు.

మళ్ళీ కడుపు పండలేదు. ఊరినించి పెద్దలొచ్చి గోపాలానికి మారుపెళ్ళి చేద్దామంటే, పైడమ్మే చీపురు పట్టుకుని వాళ్ళని గుమ్మం దిగేదాకా తరిమింది. కోడల్ని పంపెయ్యదు, కోడల్ని తిట్టడమూ మానదు. అదేం మనిషో అప్పయమ్మకి అర్థం కాలేదు. ఇంట్లో కూర్చోలేక ఆయా పనిలో చేరింది. గోపాలం రిటైరయ్యాక, లీజుకి దక్కిన ఆ క్వార్టరులోనే, ఒక జ్వరంలో పోయాడు. ఆయన మాత్రం తాడు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తలేదంటే నమ్మలేదనా, నమ్మి మింగేశాడనా? అది అడిగే ధైర్యం ఆవిడకి రాలేదు. సెక్టరులోని తెలుగిళ్ళలో ఎవరికి సూడిదలు చేసినా గాజులు తొడగడానికి అప్పయమ్మని పిలవరు. మిఠాయిలు మాత్రం మర్నాడు పంపుతారు. నర్సింగ్ హోమ్‌లో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి స్నానం ఆవిడ చేతుల మీదే. వింతంటే అదీ.

నర్సింగ్ హోమ్ మెట్లెక్కుతుండగానే శ్రుతి ఎదురొచ్చింది. నర్సు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, తెలుగు మొదలెట్టి హిందీలో తేలుతుంది.

"మౌసీ, జల్దీ! ఉతై పేషెంటుకి ఇవాళే ఆపరేషన్. మేడమ్ వచ్చేశారు. టెన్షన్‌లో ఉన్నారు, అందర్నీ కసురుతున్నారు, డాంట్‌తున్నారు."

ఉతై పేషెంటంటే, ఆ పల్లె నుంచి వచ్చిన సాహూల కోడలు. తొలి కానుపు. నెలలు నిండకుండానే తెచ్చి వార్డులో పెట్టారు. నొప్పులు రాకముందే కోసి తియ్యాలట. బాత్‌రూముకి కూడా ఒంటరిగా పంపవద్దని డాక్టర్ జ్ఞానప్రసూన ఆర్డరు. అందుకని ఆ పిల్ల వెనకాల తిరిగే పని అప్పయమ్మ మీద పడింది. బిడ్డ తాడు ఎక్కడో ఉండవలసింది ఎక్కడో ఉందని మాత్రం శ్రుతి చెప్పింది. తాడు అన్న మాట వినగానే అప్పయమ్మ అక్కడ నిలబడలేదు, చీపురు తీసుకుని అవతలికి పోయింది.

ఆ పిల్ల ఇవాళ స్ట్రెచరు మీద పడుకుని అప్పయమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మైఁ కా గల్తీ కరేఁవ్ దాయీ?" అంది. నేనేం తప్పు చేశానమ్మా అని. గ్రహణంనాడు గుమ్మంలో కూర్చున్నావు, అందుకే ఇలా అయిందని అత్తగారు అందట. అప్పయమ్మ ఆ పిల్ల తల నిమిరి, స్ట్రెచరు తోసింది.

ఆపరేషన్ థియేటరులో అప్పయమ్మ పని అంతా అంచుల్లోనే. గుడ్డలందుకోవడం, బకెట్లు మార్చడం, బిడ్డని తుడిచి పిల్లల డాక్టరుకి అందించడం, చివర్న పసుపురంగు సంచి మూతి తెరిచి పట్టుకుంటే అందులో బిడ్డ వెంట వచ్చే మావి వెయ్యడం. ఆ చివరి పనొక్కటీ ఆవిడ మొహం గోడకి తిప్పుకుని చేస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క మావినీ తేరిపార చూడలేదు. నెత్తురంటే భయం లేదు, వాంతులంటే అసహ్యం లేదు. మావి అంటే మాత్రం మెడ దానంతటదే తిరిగిపోతుంది. మౌసీకి గోడ మీద సినిమా కనబడుతుందని శ్రుతి వేళాకోళం చేస్తుంది. చేస్తే చెయ్యనీ!

మేడమ్ కత్తి అందుకున్న దగ్గర్నించీ అప్పయమ్మ ఒక కాలి మీదనించి ఇంకో కాలి మీదకి మారుతూనే ఉంది. బయట రోడ్డు మీద ఎవడో హారన్ మోగిస్తూనే ఉన్నాడు. వాడి చెయ్యి విరగ, ఎంతసేపు మోగిస్తాడు! ఇంతలో బిడ్డ కెవ్వుమంది. ఎర్రగా, కందగడ్డలా ఉన్నాడు, మగపిల్లాడు. అప్పయమ్మ గుడ్డలో అందుకుని తుడుస్తుంటే వాడు వేలు పట్టుకుని వదలలేదు. అమ్మయ్య అనుకుని పిల్లల డాక్టరుకి అప్పగించింది.

కుట్లు పడ్డాక డాక్టరమ్మ ట్రే ముందు నిలబడింది. అప్పయమ్మ అలవాటుగా పసుపు సంచి తెరిచి, గోడకి తిరిగింది.

"ఆగు అప్పయమ్మా, అప్పుడే వెయ్యను. శ్రుతీ, ఇలా రా. ఇది మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో. ఇదిగో, ఇది మావి. మామూలుగా బొడ్డుతాడు దీని మధ్యలో అంటుకుని ఉంటుంది, లేదంటే కాస్త పక్కకి. కొందరికి ఒక అంచున ఉంటుంది, బ్యాడ్మింటన్ బ్యాటుకి పిడిలాగ. దానికీ పెద్ద ప్రమాదం లేదు. ఇప్పుడు దీన్ని చూడు. తాడు అసలు మావి దాకా రాలేదు."

"అరె, పొర మీదే ఉంది!" అంది శ్రుతి.

"అవును. ఉమ్మనీటి సంచి పొర. తాడు ఇక్కడే ఆగిపోయింది. ఇక్కడినించి నాళాలు విడిపోయి, పైన ఏ రక్షణా లేకుండా, ఉత్త పొరలో పాక్కుంటూ మావిలోకి వెళ్ళాయి. పైగా ఇవి సరిగ్గా గర్భసంచి ద్వారానికి అడ్డంగా ఉన్నాయి. నొప్పులొచ్చి నీళ్ళు పోయాయనుకో, పొరతో పాటు నాళం తెగుతుంది. నీళ్ళతో నెత్తురు వస్తుంది. అది తల్లి నెత్తురు కాదు, బిడ్డది. పసికందు ఒంట్లో ఉండేదే ఒక గ్లాసుడు. చూస్తుండగానే అయిపోతుంది. తెల్లగా పుడతారు."

అప్పయమ్మ మెడ గోడ మీదనించి ట్రే వైపుకి తిరిగింది.

డాక్టరమ్మ గ్లవ్సు వేళ్ళతో పొరని ఎత్తి లైటుకి అడ్డం పట్టుకుంది. పల్చటి పొర, వెలుతురు ఇవతలికి వస్తోంది. ఆ పొరలో నాళాలు నీలంగా, ఎర్రగా, విడివిడిగా పాకి ఉన్నాయి. ఎంత సన్నగా ఉన్నాయి! గోరు తగిలినా తెగేలా ఉన్నాయి. మావి ఒకవైపు దళసరిగా, గుండ్రంగా, దానిమానాన అది ఉంది. తాడు ఇంకోవైపు, దూరంగా. అప్పయమ్మ కన్నార్పకుండా చూసింది. సంచి చేతిలోనించి జారి కింద పడ్డా వంగి తియ్యలేదు.

"మేడమ్," అంది. "తాడు దాటితే ఇలగ అవుతాదా?"

"ఏ తాడు?" అని నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది జ్ఞానప్రసూన. ఆవిడా ఈ ఊళ్ళోనే పెరిగిన మనిషి. ఇంజనీరుగారి కూతురైనా ఇంట్లో నాయనమ్మ చాదస్తాలు విన్నదే. "కాదు అప్పయమ్మా. తాడు దాటితే కాదు, గ్రహణానికీ కాదు, బరువెత్తితే కూడా కాదు. బిడ్డ చింతగింజంత ఉన్నప్పుడే తాడు ఎక్కడ అంటుకోవాలో అక్కడ అంటుకుంటుంది. తరవాత మావి బలం దొరికిన వైపుకి పెరుగుతూ పోతుంది, తాడు పక్కకి మిగిలిపోతుంది. తల్లికి దీంతో సంబంధమే లేదు."

"ఏడో నెల్లో?"

"ఏడో నెల్లో తాడు చోటు మార్చుకోదు."

"నా పిల్లా తెల్లగానే పుట్టింది మేడమ్. నీళ్ళతో నెత్తురు పోయింది."

థియేటరులో అందరూ ఆవిడకేసి చూశారు. ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న అప్పయమ్మకి ఒక పిల్ల పుట్టిందని అక్కడ ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ గ్లవ్సు విప్పి దగ్గరకొచ్చింది.

"ఇదే అయ్యుండొచ్చు. కానీ వేరే కారణాలు కూడా ఉంటాయి. నీ మావి చూడకుండా నేను ఇదేనని చెప్పలేను అప్పయమ్మా. అది ఎవరు చూశారు?"

ఎవరు చూశారు? మంత్రసాని పోయి చాలాకాలమైంది. మావికి పసుపు రాసి, పెరట్లో గొయ్యి తీసి పాతింది పైడమ్మ. చూస్తే ఆవిడే చూడాలి.

ఇక అప్పట్నించీ అప్పయమ్మ పడిన అవస్థ చూడాలి. తుడిచిన గదినే మళ్ళీ తుడిచింది. ఫినాయిలు ఒంపాల్సిన బకెట్టులో డెట్టాలు ఒంపింది. రోగులకి టీ తెచ్చి ఎవరికివ్వాలో మరిచిపోయి తనే తాగేసింది. లోపల ఒకటే ఉడుకు. వెళ్ళి అడగాలి. అడిగితే, కాదు, తాడు మధ్యలోనే ఉండేదని ముసలమ్మ అంటే? అప్పుడింక తాడు దాటడం తప్ప ఏం మిగులుతుంది? అడక్కుండా ఉంటే పోలేదా? ఉండగలదా? చస్తే ఉండలేదు.

మధ్యాహ్నం సాహూల పిల్ల మగత విడి కళ్ళు తెరిచింది. పక్కన అత్తగారు కూర్చుని గ్రహణం కథ ఎవరికో ఫోనులో చెబుతోంది. అప్పయమ్మ పక్కదుప్పటి సర్దుతూ చటుక్కున ఆగింది.

"నువ్వేమీ చెయ్యలేదు బేటీ," అంది హిందీలో, వార్డంతా వినబడేలా. "గుమ్మంలో కూర్చున్నా, అటకెక్కి కూర్చున్నా అది అంతే. మొదట్నించీ అంతే. డాక్టరు మేడమ్ చెప్పింది, నేను కళ్ళారా చూశాను. మళ్ళీ ఎవరైనా ఏమైనా అంటే నా దగ్గరికి పంపు."

ఆ అత్తగారు ఫోను దించేసింది. పిల్ల కళ్ళలోనించి నీళ్ళు కారాయి. తనెవరిని కసిరిందో అప్పయమ్మకే తెలియలేదు.

డ్యూటీ అవ్వకముందే బేబీ ఫోను చేసింది. "వదినా, అత్తకి ఆయాసం ఎక్కువైనాది. నీ పేరే సెప్తంది. యేగిరం రా."

రోడ్డు మీద మొదట కనబడ్డ ఆటోకి అడ్డం పడి ఎక్కింది. ఆటో కదిలినా ఆవిడ సీటు అంచునే కూర్చుంది. సిగ్నల్ దగ్గర ఆగితే, "చలో భయ్యా, చలో" అని వాడి వీపు మీద తట్టింది. "రెడ్ హై మాతాజీ," అన్నాడు వాడు. దేవుడా, ఇంకో గంట, ఇంకొక్క గంట ముసలమ్మ నోరు పడిపోకుండా చూడు అనుకుంది. ఆ నోరు పడిపోవాలని ఎన్నిసార్లు తిట్టుకుందో!

పైడమ్మని గోడకి ఆనించి కూర్చోబెట్టింది బేబీ. ముసలమ్మ ఎగశ్వాస పీలుస్తోంది గానీ కళ్ళు తేటగానే ఉన్నాయి. ఆస్పత్రికి తీసుకెళ్దామా అంటే వద్దని చెయ్యి ఊపింది. పిల్లలకి అన్నం పెట్టి వస్తానని బేబీ వెళ్ళింది. అప్పయమ్మ కాళ్ళు కూడా కడుక్కోకుండా మంచం మీద కూర్చుంది.

"అత్తా, ఒక మాట అడుగుతాను, నిజం సెప్పు. నా పిల్ల మావి నువ్వే పాతినావు గదా. అది ఎలగున్నాది?"

"ఇప్పుడెందుకే అది?"

"సెప్పత్తా. నీకు దణ్ణం పెడతాను."

ముసలమ్మకి అర్థం కాలేదేమోనని అప్పయమ్మ లేచి, గూట్లోంచి ఒక కంచం తీసింది. దండెం మీది తడి తువ్వాలు మంచం మీద పరిచి, దాని మీద ఒక పక్కగా కంచం పెట్టింది. ఉతికి మడతపెట్టిన బట్టల్లోంచి లంగా బొందు ఒకటి సర్రున లాగింది.

"ఇది మావి. ఈ గుడ్డ పొర అనుకో. ఇది బొడ్డుతాడు. అందరికీ ఇలగుంటాది," అని బొందు కొసని కంచం మధ్యలో పెట్టింది. తరవాత అంచుకి జరిపింది. "కొందరికి ఇలగ. ఇయాల మా ఆస్పత్రిలో ఒక పిల్లకి..." అని చెయ్యి ఆపింది. ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టలేకపోయింది.

పైడమ్మ చెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చింది. ఎండిన వేళ్ళతో బొందు కొస అందుకుంది. దాన్ని కంచం మీదనించి తీసి, తువ్వాలు మీదకి, బాగా దూరంగా జరిపింది. జరిపి ఊరుకోలేదు. అరిగిపోయిన ఆ కొసని గోటితో పాయలు విప్పి, మూడు పాయల్నీ మూడు దారుల్లో గుడ్డ మీద పరిచి కంచానికి తగిలించింది.

"ఇలగున్నాది," అంది.

పొద్దున లైటుకి అడ్డంగా చూసినదే మంచం మీద కనబడుతోంది.

"నీకు తెలుసా?"

"కడిగినాను గదే, తెలీదేటి? తాడు కండలో నేదు, తోలులో ఉన్నాది. అలాటిది నానెప్పుడూ సూణ్ణేదు. నాకు ఒళ్ళంతా చెమటలట్టీసినాయి." ముసలమ్మ ఊపిరి కోసం ఆగింది. "నువ్వు ఆ తాడు దాటినావు, నీ కడుపులో తాడు జరిగిపోనాది అనుకున్నాను."

"ఎవులికీ సెప్పలేదేటి?"

"సెప్తే? దీని ఒంట్లోనే ఏదో దోసం ఉన్నాది, ఒగ్గీమందురు. గోపాలానికి ఇంకోదాన్ని తెద్దురు. తాడు దాటిందంటే సిన్నపిల్ల, తెలీక సేసింది అని ఊరుకుంటారు. అందుకని ఆ మాటే అందరికీ సెప్పినాను. సెప్పి సెప్పి..."

"అది జరిగిపోలేదత్తా," అంది అప్పయమ్మ. ఏడుపు తన్నుకొస్తోంది, కోపమూ వస్తోంది, ఏది ముందు వస్తుందో తెలియడం లేదు. "ఏడో నెల్లో జరగదంట. పిల్ల చింతగింజంత ఉన్నప్పుడే అక్కడ అంటుకున్నాదంట. నాను తాడు దాటినా అంతే, మంచం దిగకపోయినా అంతే. డాక్టరమ్మ సెప్పింది. నువ్వు సూసినదే నానూ సూసినాను ఇయాల."

"మొదట్నించీ అక్కడే ఉన్నాదా?"

"మొదట్నించీ."

పైడమ్మ తువ్వాలు మీది పాయల్ని వేలితో ఒక్కొక్కటే తడిమింది. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్న కేకలు వినిపిస్తున్నాయి.

"మరి నానెందుకే నిన్ను అన్నేసి మాటలన్నాను?" అంది చివరికి. నిజంగా అడుగుతున్నట్టే అడిగింది.

"అదే నానూ అడుగుతున్నాను!" అని అరిచింది అప్పయమ్మ. ఆ అరుపుకి తనే బెదిరిపోయింది. పుట్టి బుద్ధెరిగి అత్తగారి మీద గొంతెత్తలేదు. ముప్పై ఏళ్ళ పైబడి మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "పిల్ల పోయిందని ఏడవనిచ్చినావా నన్ను? నానే సంపుకున్నానని గదా, ఎవరి ముందు ఏడుద్దును? ఆ పెరట్లోకి ఎల్లినప్పుడల్లా కాళ్ళు నరుక్కోవాలనిపించీది. నా పిల్లని నానే సంపుకున్నానని సచ్చిపోవాలనిపించీది అత్తా!"

ముసలమ్మ బెదరలేదు, కసరలేదు. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు ముడతల్లోకి జారాయి. తుడుచుకోవడానికి చెయ్యి అంతపైకి లేవలేదు. అప్పయమ్మే చెంగుతో తుడిచింది.

"నీ కాలేటీ సెయ్యలేదే," అంది పైడమ్మ. "నీ తప్పు నేదు. నానే... తెలీని దాన్ని."

వచ్చింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట వచ్చేసింది. వస్తే గుండె తేలికవుతుందనుకుంది అప్పయమ్మ. తేలికవ్వలేదు. తెల్లటి పిల్ల ఒక్కసారిగా మళ్ళీ చేతుల్లోకి వచ్చినట్టై, ఇప్పుడే, ఈ పూటే పోయినట్టు దుఃఖం ముంచుకొచ్చింది. ముసలమ్మ మోకాళ్ళ మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. పైడమ్మ చెయ్యి ఆవిడ జుట్టు మీద పడి అక్కడే ఉంది.

"గొంతెండిపోతంది," అంది ముసలమ్మ చాలాసేపటికి. "రవ్వంత అంబలి పట్టుకురా. మజ్జిగేసి."

అప్పయమ్మ మొహం కడుక్కుని స్టవ్వు వెలిగించింది. తొందరపడలేదు. అంబలి ఉండకట్టకుండా నిదానంగా కలిపింది, చల్లార్చి మజ్జిగ పోసింది, ఉల్లిపాయ ముక్క కూడా సన్నగా తరిగింది. పళ్ళు లేని మనిషికి ఉల్లిపాయెందుకని తరువాత గుర్తొచ్చి, తీసేసింది. కిటికీలోంచి పెరడు కనబడుతోంది. కళ్ళు తిప్పుకోకుండా చూసింది. ఎంత చిన్న పెరడు! గోడ పక్కన బచ్చలి పాదు ఏపుగా అల్లుకుంది.

గ్లాసుతో లోపలికి వచ్చేసరికి పైడమ్మ తల గోడకి కాస్త పక్కగా వాలి ఉంది. ఆయాసం లేదు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. నోరు మూసి ఉంది.

"అత్తా," అని పిలిచింది. గ్లాసు కింద పెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చెయ్యి పట్టుకుంది, ఇంకా వెచ్చగానే ఉంది. ఆస్పత్రిలో ఎందరికో చేసిన పనే. కళ్ళు మూసింది, గడ్డం కిందికి గుడ్డ కట్టింది, పాదాలు రెండూ దగ్గరికి చేర్చింది. బేబీని కేక వెయ్యాలి, ఊరికి ఫోను చెయ్యాలి, దీపం పెట్టాలి. వెళ్తూ వెళ్తూ, మంచం మీద సామాను తీసేద్దామని వంగింది. వంగి, చెయ్యి చాచి, ముట్టుకోకుండా ఆగిపోయింది.

తడి తువ్వాలు మీద ఉన్న బొందుని ముసలమ్మ వెనక్కి తెచ్చింది. విడదీసిన మూడు పాయల్నీ మళ్ళీ ఒకటిగా పేని, ఉమ్మితో తడిపి, ఆ కొసని కంచానికి సరిగ్గా మధ్యలో పెట్టి ఉంచింది.